ఊఁ కొట్టే ఉద్యోగం

1961 జూలై 10

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. నా రాత బాగుండదు. కట్టంగూరులో నాలుగో తరగతి వరకే చదివాను, అందులో సగం ఉర్దూ. ఒత్తులు ఎక్కడ పడాలో నాకు సరిగ్గా తెలియదు. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. అయినా చెప్పి పెట్టుకోవడం మంచిది.

ఇది కాలేజీలో పారేసిన హాజరు పట్టీ. పేర్ల గడిలో రాస్తున్నాను. పక్కన ‘కారణం’ అని ఇంకో గడి ఉంది. దాన్ని వదిలేస్తున్నాను.

నల్లగొండలో ఈ కాలేజీ పెట్టి నాలుగేళ్ళు. నేను మొదటి రోజు నుంచీ చప్రాసిని. వరండాలో వేలాడే రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొట్టడం నా పని. పీరియడు నేను కొడితే మొదలవుతుంది, కొడితే అయిపోతుంది. అంతకు మించి నాకు ఎవరితోనూ పెద్దగా మాటల్లేవు. ఇవాళ ఒకటి జరిగింది. గోపమ్మకు చెబితే నవ్వుతుంది. ఆమె నా భార్య. అందుకే రాసుకుంటున్నాను.

అర్థశాస్త్రానికి కొత్త సారు వచ్చారు. రామచంద్రం. హుజూర్‌నగర్ ఆయన, ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఆయన తరగతి తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. పాఠం ఇంగ్లీషు. ఆయన కాగితాల్లో చూసి చదువుతున్నారు, నలభై మంది తలలు వంచుకుని రాస్తున్నారు. ఒక్క తల లేవడం లేదు. ఒక వాక్యం అయ్యాక సారు ఊపిరి తీసుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. నా నోట్లోంచి ‘ఊఁ’ అని వచ్చింది.

అంతే. కావాలని కాదు.

జూలై 11

మళ్ళీ వచ్చింది. మూడుసార్లు.

జూలై 13

ఇవాళ లెక్కపెట్టలేదు.

ఇది పాత అలవాటు. మా ఊరికి కథలు చెప్పేవాళ్ళు వచ్చినప్పుడు నన్ను ముందు కూర్చోబెట్టేవారు. గుర్వయ్య అని ఒకాయన ఉండేవాడు. ‘ఊఁ కొట్టేటోడు ఏడి?’ అని అడిగి, నేను కనబడ్డాకే కథ మొదలుపెట్టేవాడు. ఆయన నాకొక నియమం పెట్టాడు. అర్థమైతేనే ఊఁ అనాలి. కాకపోతే ఊరుకోవాలి. నేను ఊరుకుంటే ఆయన ఒక అడుగు వెనక్కి వచ్చి మళ్ళీ చెప్పేవాడు. రాజు ఏ ఊరు పోయాడో నాకు తెలియనిదే కథ కదిలేది కాదు.

ఇక్కడ సారు చెప్పేది నాకు ఒక్క ముక్క తెలియదు. అయినా ఊఁ అంటున్నాను. గుర్వయ్య బతికి ఉంటే మొహం చూసేవాడు కాదు.

జూలై 18

రామచంద్రం సారు వరండాలో నా దగ్గరికి వచ్చారు. నేను లేచి నిలబడ్డాను.

“పెద్దయ్యా, రేపు గూడ వస్తవా?”

“గంట కొట్టి వస్త సార్.”

“రా. నువ్వు ఊఁ అంటుంటే ఎవరికో చెప్తున్నననిపిస్తది. లేకపోతే నా గొంతు నాకే వినొస్తది. జర భయమైతది.”

ఆయనకు ఇది మొదటి ఏడు. జనవరిలో యూనివర్సిటీ నుంచి ఇద్దరు పెద్దలు వచ్చి తరగతిలో కూర్చుంటారట. చెప్పడం వచ్చని వాళ్ళు రాస్తే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే ఇంటికే.

“మా అమ్మ అమృతమ్మ ఒక్కతే ఉంటది హుజూర్‌నగర్ల. జనవరి దాటితే గీడికి తెచ్చుకుంట. కిరాయికి జాగా గూడ చూసిపెట్టిన.”

నేను తల ఊపాను. ఇంకేదైనా అనాల్సింది. 

జూలై 22

గాలయ్య గోపమ్మకు చెప్పేశాడు. గాలయ్య మా కాలేజీలో ఇంకో చప్రాసి, నోరు ఆగదు.

“కాలేజిల ఊఁ కొడుతున్నవంట?” అంది గోపమ్మ, చారు పోస్తూ.

నేను అన్నం కలుపుకున్నాను.

“నలభై ఏండ్లాయె నీతోని. నేను మాట్లాడితే ఒక్కనాడన్న ఊఁ అన్నవా? గా సారు నాకంటే మంచిగ ఏం చెప్తుండు?”

“ఊఁ” అన్నాను.

“ఇప్పుడంటవా!” అని గంటె కింద పెట్టి లోపలికి పోయింది. చారు నేనే పోసుకున్నాను.

ఆగస్టు 21

నెల రోజులుగా రోజూ పోతున్నాను. ఇవాళ పాఠం అయ్యాక సారు మెట్ల మీద నా పక్కన కూర్చున్నారు. సంతోషంగా ఉన్నారు.

“పెద్దయ్యా, ఇన్ని దినాలల్ల నీకు అన్నిట్ల కంటే ఏది మంచిగ అర్థమైంది?”

“ఏదీ కాలే సార్.”

“మరి ఊఁ ఎందుకన్నవ్?”

“మీరు ఊపిరి తీసుకున్నరు సార్.”

నేను లేచి గంట కొట్టి వచ్చేసరికి కూడా ఆయన మెట్ల మీదే ఉన్నారు.

“రేపటి సంది అర్థమైతేనే అను,” అన్నారు.

గుర్వయ్య నియమం ఈయనకు ఎవరు చెప్పారో.

ఆగస్టు 22

ఒక్క ఊఁ లేదు. సారు చొక్కా తడిసిపోయింది.

ఆగస్టు 23

లేదు.

ఆగస్టు 24

ఇవాళ పొడుగ్గా రాయాలి.

సారు కాగితాలు తీశారు. నన్ను చూశారు. కాగితాలు మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. తర్వాత తెలుగులో అడిగారు.

“పెద్దయ్యా, ఎకరం జొన్నచేన్ల కలుపు తియ్యనీకె ఎంతమంది గావాలె?”

అందరిలో అడిగేసరికి స్టూలు మీంచి లేచాను. “నలుగురు సార్.”

“ఐదో మనిషిని పెడితే?”

“జల్ది అయితది.”

“పదో మనిషిని పెడితే?”

“ముచ్చట్లు ఎక్వయితయి సార్.”

తరగతి నవ్వింది. నలభై తలలూ ఒక్కసారి లేచాయి. ఆ మొహాలు నేను అప్పుడే చూశాను. ఇన్నాళ్ళూ నెత్తి మీది పాపిడులు చూసి మనుషుల్ని గుర్తుపడుతున్నాను.

తరగతిలో ఒక్కతే ఆడపిల్ల ఉంది, యాదలక్ష్మి. గోడ పక్కన వేరే కుర్చీలో కూర్చుంటుంది. ఎప్పుడూ నోరు తెరవదు. “ఇరవయ్యో మనిషిని పెడితే చేనే తొక్కుతరు సార్,” అంది.

సారు బల్ల మీద కొట్టారు. “గదే! మనిషిని పెంచుకుంట పోతే పని పెరుగుడు తగ్గుకుంట వస్తది. మొన్న నాలుగు పేజీలు మీతోని రాపించింది గిదే!”

“ఇదేనా సార్?” అని నలుగురైదుగురు నోటుపుస్తకాలు తిరగేశారు.

నేను ఊఁ అన్నాను. గట్టిగానే వచ్చింది.

సెప్టెంబరు 14

నవ్వులు విని ప్రిన్సిపాల్ సాబు మా తరగతి కిటికీ దగ్గర మూడు రోజులు నిలబడ్డారు. ఇవాళ నన్ను గదిలోకి పిలిచారు.

“ఏం జేస్తున్నవ్ ఆడ?”

“ఊఁ అంటున్న సార్.”

“ఒక్క ఊఁకే పిల్లలు గంత హుషారుగుంటున్నరా?”

అది ఊఁ వల్ల కాదని చెప్పాలనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆయన నా మౌనాన్ని అవునని రాసుకున్నారు.

సెప్టెంబరు 18

నోటీసు పలక మీద కాగితం అంటించారు. ఉన్నది ఉన్నట్టు రాసుకుంటున్నాను. “ఉపన్యాసమునకు ఊఁ తోడైనచో విద్యార్థులలో శ్రద్ధ పెరుగుచున్నదని గమనించడమైనది. ఇకపై ప్రతి తరగతికి ఒక ఊఁ మనిషి నియమింపబడును.”

ఇంగ్లీషుకు గాలయ్య. రసాయనానికి తోటమాలి పెద్దులు. చరిత్రకు నీళ్ళు పోసే బక్కమ్మ.

సెప్టెంబరు 25

బక్కమ్మ ఊఁ అనడం లేదు. రాజు చచ్చిపోతే “అయ్యో కొడుకా” అంటోంది, కొడుకు తండ్రిని ఖైదులో పెడితే “నీ చేతులిరగ” అని తిడుతోంది. వేరే తరగతుల పిల్లలు కూడా చరిత్రకు పోతున్నారు. ఇంకో నోటీసు వచ్చింది. ఊఁ తప్ప వేరే మాట అనకూడదు.

బక్కమ్మ అలిగి మళ్ళీ నీళ్ళు పోస్తోంది. చరిత్ర తరగతి ఎప్పటిలా ఖాళీ.

అక్టోబరు 12

ఊఁలకు ఒక పట్టీ పెట్టారు. గంటకు నలభైకి తగ్గకూడదు. మా తరగతిలో నిన్న పదకొండు. గాలయ్యవి రెండు వందల పన్నెండు.

కిటికీలోంచి చూశాను. గాలయ్య గోడకు ఆనుకుని నిద్రపోతున్నాడు. గురక పెట్టినప్పుడల్లా ఇంగ్లీషు సారు తృప్తిగా తల ఊపి ముందుకు పోతున్నారు. పట్టీ రాసే గుమాస్తా గీత గీస్తున్నాడు.

“ఎల్లన్నా, నీదంత ఉత్త తక్లీఫ్,” అన్నాడు గాలయ్య బయటికి వచ్చాక. “కండ్లు మూస్కో, అదే వస్తది. ఊఁ అంటే నీదేం పోతది?”

“అర్థం కావాలె గద గాలయ్యా.”

“ఎవలికి?”

నవంబరు 9

పిల్లలంతా సినిమాకు పోయారు. రసాయనం తరగతిలో పెద్దులు ఒక్కడే ఉన్నాడు. రసాయనం సారు గంటసేపు నిలబడి పాఠం చెప్పారు, బోర్డు రెండుసార్లు తుడిచారు. ఊఁలు తొంభై ఆరు. పట్టీలో ప్రిన్సిపాల్ సాబు చేత్తో “తరగతి తృప్తికరం” అని రాసి ఉంది.

రామచంద్రం సారుకు మెమో వచ్చింది. ఊఁలు తక్కువ, ఏడు పేజీలకు మించి పాఠం నడవలేదు అని.

ఆ ఏడు పేజీలు నాకు వచ్చు. నాకే వచ్చాయంటే ఆ నలభై మందికీ వచ్చి ఉంటాయి. ఇది మెమోలో లేదు.

డిసెంబరు 20

ప్రిన్సిపాల్ సాబు పిలిచారు. “చూడు ఎల్లస్వామీ. పెద్దలొచ్చే దినం నీ ఊఁ ఆగొద్దు. నలభై. ఆ పిలగాని నౌకరి నీ నోట్లె ఉన్నది. సమజయిందా?”

సమజయింది. కాబట్టి ఊఁ అన్నాను.

1962 జనవరి 14

రామచంద్రం సారు మా ఇంటికి వచ్చారు. గోపమ్మ పీట వేసింది. చాలాసేపు జొన్నల సంగతి మాట్లాడారు. లేచి పోయేటప్పుడు నన్ను చూడకుండా అన్నారు.

“పెద్దయ్యా, గా ఒక్క దినం... అర్థం గాకున్నా అను.”

“ఊఁ,” అన్నాను.

ఆయన పోయాక గోపమ్మ, “పాపం, చిక్కిపోయిండు. అననీకె నీకేమన్న నొప్పా? అను,” అంది.

అంటాను. ఎందుకు అనను.

జనవరి 18

రేపే. గొంతుకు మిరియాల కషాయం తాగాను. ఇంట్లో నలభై సార్లు అన్నాను. గోపమ్మ లెక్కపెట్టింది.

జనవరి 19

వచ్చారు. ఇద్దరు. ఒకరు ముసలాయన, ఒకరు కళ్ళద్దాల ఆయన. మూడో పీరియడు గంట కొట్టి వచ్చి నా స్టూలు మీద కూర్చున్నాను. వాళ్ళు వెనక బల్ల మీద.

సారు మళ్ళీ కాగితాలు తీశారు. తెలుగులోనే రాసుకుని వచ్చారు. నేల గురించి, కౌలు గురించి. చెప్పడం మొదలుపెట్టారు. నేను ఊఁ అంటూ పోయాను. అర్థమైన దానికీ అన్నాను, కాని దానికీ అన్నాను. ముప్పై ఒకటి అయ్యాయి. కళ్ళద్దాల ఆయన నవ్వుతూ ఏదో రాసుకుంటున్నారు. ఇంకా తొమ్మిది.

అప్పుడు సారు అన్నారు. “కౌలు ఎందుకు? నేల సత్తువ తరగనిది. ఎన్నేండ్లు దున్నినా నేల నేలలాగే ఉంటుంది. ఆ తరగని సత్తువను వాడుకున్నందుకు ఇచ్చేదే కౌలు.”

ఊపిరి తీసుకున్నారు.

నోరు తెరిచాను. రాలేదు.

కట్టంగూరులో ఇరవై రెండేళ్ళు ఒకే చెల్క భూమి కౌలుకు దున్నాను. మొదటి ఏడు జొన్నచేను నా నెత్తి దాటి పెరిగింది. ఆఖరి ఏడు మోకాలి దాకా. ప్రతి వానకూ ఎర్రమట్టి వాగులోకి పోయింది, కింద నుంచి రాళ్ళు పైకి లేచాయి. పట్టాదారు మాత్రం మొదటి ఏడు ఎన్ని పాళ్ళు తీసుకున్నాడో ఆఖరి ఏడూ అన్నే తీసుకున్నాడు. అది వదిలేసి వచ్చే ఈ గంట పట్టుకున్నాను.

సారు ఆ వాక్యం మళ్ళీ చదివారు. నేను నా కాలివేళ్ళు చూసుకున్నాను. మూడోసారి చదివారు. వెనక పెన్ను ఆగింది.

సారు కాగితాలు బల్ల మీద పెట్టారు. “యాడ ఆగింది పెద్దయ్యా?”

“ఏం లేదు సార్.”

“చెప్పు. యాడ ఆగింది?”

లేచి నిలబడ్డాను. “తరుగుతది సార్.”

“ఏంది తరిగేది?”

“సత్తువ. మా చెల్కది తరిగింది.”

తర్వాత ఏం చెప్పానో సరిగా గుర్తు లేదు. రాళ్ళ సంగతి చెప్పాను. నా బతుకులో అంత పొడుగు మాట్లాడింది లేదు.

“మాది గూడ గట్లనే తరిగింది సార్,” అంది యాదలక్ష్మి.

“మాది తరగలే. మాది వాగు పక్క,” అన్నాడు వెనక బెంచీ పిల్లవాడొకడు.

“మా మట్టే మీ దగ్గరికొచ్చింది గద, ఎట్ల తరుగుతది!” అంది యాదలక్ష్మి.

గొడవ మొదలైంది. కళ్ళద్దాల ఆయన లేచారు. “మీరు ఉపన్యాసం కొనసాగించండి.”

“కొనసాగదు సార్,” అన్నారు రామచంద్రం సారు. “ఆయన ఊఁ అనలే.”

సారు నవ్వుతున్నారు. ఉద్యోగం పోయే మనిషి నవ్వే నవ్వులా లేదు అది.

ముసలాయన ఊరుకోలేకపోయారు. “చేనుకు పెంట ఎరువు తోలకపోతే తరగక ఏం జేస్తది?” అని బెంచీ మీద కొట్టారు. ఆయనకూ భూమి ఉన్నట్టుంది. “మీరు పిల్లల్తోని లొల్లికి దిగితే ఎట్ల సార్?” అని కళ్ళద్దాల ఆయన, ముసలాయన చెయ్యి పట్టి లాగారు. “పట్టాదారు తోలాలెనా, కౌలుకు దున్నెటోడు తోలాలెనా?” అని యాదలక్ష్మి ముసలాయన్నే నిలదీసింది. ఆయన సారు వైపు చూశారు, సారు నా వైపు చూశారు.

ఎంతసేపయిందో. ప్రిన్సిపాల్ సాబు వగరుస్తూ వచ్చి తలుపు పట్టుకున్నారు. “గంటేది? గంట!”

నేను గంట కొట్టలేదు. మూడో పీరియడు ముగియడానికి, నాలుగుకు, భోజనానికి, దేనికీ కొట్టలేదు. గంట కొట్టనిదే ఆగే అధికారం ఎవరికీ లేదు కాబట్టి కాలేజీ అంతా అలాగే నడిచింది. ఇంగ్లీషు సారు ఒక నాటకం పూర్తిచేసి రెండోది మొదలుపెట్టారు. లెక్కల సారు వచ్చే ఏడు పాఠాల్లోకి పోయారు. చరిత్రలో ఒక వంశం పూర్తిగా నశించింది. రసాయనం సారుకు గొంతు పోయి పెదాలు మాత్రమే కదులుతున్నాయి, పెద్దులు వాటికే ఊఁ అంటున్నాడు. గాలయ్య లేవలేదు.

రెండున్నరకు కొట్టాను. అందరూ ఎండలోకి వచ్చి కళ్ళు చికిలించుకుని నిలబడ్డారు.

జనవరి 20

నేను ఏమీ తప్పు మాట్లాడలేదు.

జనవరి 21

ఆ రోజు గొంతు బాగాలేదు. అదే కారణం.

జనవరి 23

గొంతు బాగానే ఉంది.

ఫిబ్రవరి 8

రిపోర్టు వచ్చింది. గుమాస్తా చదివి వినిపించాడు. ఇంగ్లీషు తరగతి ఆదర్శం. గాలయ్య శ్రద్ధను ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. రామచంద్రం సారు ఉపన్యాసం పదహారు నిమిషాలే సాగింది, మిగతా కాలమంతా విద్యార్థులూ ఒక నౌకరూ మాట్లాడారు, కాబట్టి దీన్ని బోధనగా లెక్కించలేము. ఈ మార్చి నుంచి ఆయన అవసరం లేదు.

పరీక్షించే వాళ్ళలో ఒకరు కూడా మాట్లాడారని అందులో రాయలేదు.

గోపమ్మ ఇవాళ చారు తనే పోసింది. తిట్టినా బాగుండేది.

మార్చి 2

బస్సు దగ్గరికి పోయాను. షాద్‌నగర్ పక్కన ఒక బడిలో సారుకు పని దొరికిందట. ఒక ట్రంకు, పరుపు చుట్ట.

“మీ నౌకరి నేనే తీసిన సార్.” ఈ మాట అనడానికి ఇంటి నుంచి నడుస్తూ దారి పొడుగునా నేర్చుకున్నాను.

“నువ్వా? చూడు పెద్దయ్యా. నువ్వు ఉత్తగ ఊఁ అనుంటే నేను ఇంకో ముప్పై ఏండ్లు గా వాక్యం చదువుకుంట కూసునేటోణ్ణి.” ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నారు. “ఫికర్ జెయ్యకు. రాత్రంత ఆలోచించిన. సత్తువ తరిగినంక గూడ కౌలు ఎందుకు తగ్గదంటే...”

డ్రైవరు హారన్ కొట్టాడు. సారు చెప్తూనే ఉన్నారు, చేతులు కూడా తిప్పుతున్నారు. బస్సు కదిలింది. నేను కొంత దూరం పరుగెత్తాను. నాకు అరవై దాటాయి. వినబడలేదు.

ఏప్రిల్ 4

ఇవాళ సారుకు ఉత్తరం రాశాను. గుర్తు కోసం ఇక్కడ ఎక్కిస్తున్నాను.

“రామచంద్రం సారు గారికి, చప్రాసి ఎల్లస్వామి దండాలు. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మగారిని తెచ్చుకున్నారా? గోపమ్మ అడగమంది. జొన్నలు పంపుతానంటోంది.

అర్థశాస్త్రానికి కొత్త సారు వచ్చారు. మీ తరగతికి గాలయ్యను వేశారు. ఊఁలు బాగా పడుతున్నాయి. నేను గంట ఒక్కటే కొడుతున్నాను. కానీ మీ పిల్లలు గంట దగ్గరికి వచ్చి నిలబడుతున్నారు. యాదలక్ష్మి రోజూ అడుగుతోంది, సారు బస్సులో ఏం చెప్పారు తాతా అని. నాకు వినబడలేదని చెప్తే నమ్మడం లేదు. దాచుకున్నాననుకుంటున్నారు.

మీరు ‘సత్తువ తరిగినంక గూడ కౌలు ఎందుకు తగ్గదంటే’ అన్నారు. అక్కడి వరకు విన్నాను. మేము నలభై ఒక్క మందిమీ అక్కడే ఆగి ఉన్నాము. మిగతాది రాయండి. తెలుగులో రాయండి, పెద్ద అక్షరాలతో. అర్థమైతే ఊఁ అని కార్డు వేస్తాను. కాకపోతే వేయను, అప్పుడు మీరు ఇంకోసారి రాయాలి.

జవాబు త్వరగా రాయండి సార్. ఈ నెలాఖరుకు పరీక్షలయ్యాక ఈ పిల్లలు వెళ్ళిపోతారు.”